గైడ్ మంచివారైతే చాలా?

పరిశోధనాలయాల్లో సమానత్వం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశ్వవిద్యాలయాల్లోనూ, జాతీయ పరిశోధనా సంస్థల్లోనూ పనిచేస్తున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: "మా గైడ్ మంచివారే, కానీ..." ఆ "కానీ" తరవాత వాళ్లు రాసినదే ఈ నెల శీర్షికకు విషయం. జీవరసాయన శాస్త్రంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రయోగశాలలో గడిపి, అందులో కొన్నేళ్లు ఫిర్యాదుల కమిటీలో కూడా కూర్చున్నదాన్ని కాబట్టి, అక్కడక్కడా నా అనుభవం కలిపి చెబుతాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు, వారి సంస్థల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను విశాఖపట్నంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. మా ల్యాబ్‌లో తొమ్మిది మందిమి ఉంటే అందులో ఇద్దరమే అమ్మాయిలం. మీటింగ్ మినిట్స్ రాయడం, రసాయనాలకు ఇండెంట్లు పెట్టడం, కొటేషన్ల కోసం డీలర్లకు ఫోన్లు చేయడం, బయటి నుంచి ప్రొఫెసర్లు వస్తే బొకే తేవడం, టిఫిన్లు చూడటం అన్నీ మా ఇద్దరి మీదే పడతాయి. "మీరైతే శ్రద్ధగా చేస్తారమ్మా" అంటారు సర్. ఆయన మమ్మల్ని కూతుళ్లలా చూసుకుంటారు. ఇంత చిన్న విషయానికి నోరు విప్పడం బాగుంటుందా?

జవాబు: చిన్నదో పెద్దదో తేలాలంటే ముందు లెక్క కట్టాలి. ఒక నెలపాటు ఈ పనులకు ఎంత సమయం పోతోందో ల్యాబ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. ఒక్క ఇండెంట్ సంగతే చూడండి. మూడు కొటేషన్లు తెప్పించాలి, ధరల పట్టిక తయారు చేయాలి, స్టోర్స్‌లో సంతకం పెట్టించాలి, అకౌంట్స్ వాళ్లు ఏదో కాగితం లేదని తిప్పి పంపితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఇవన్నీ కలిసి వారానికి ఒక పూట తింటున్నాయనుకున్నా, ఏడాదికి 26 పనిదినాలు అయ్యాయి. అంటే ఏడాదికి ఒక నెల, మూడేళ్లకు మూడు నెలలు. పక్క బెంచీ మీద అబ్బాయి ఆ మూడు నెలల్లో ఒక ప్రోటీన్‌ను శుద్ధి చేసి, దాని మీద ప్రయోగాలు పూర్తి చేసి, పేపర్ రాయడం మొదలుపెట్టగలడు. తరవాత ఎప్పుడో ఇద్దరి బయోడేటాలూ ఒకే ఎంపిక కమిటీ ముందుకు వెళ్తాయి. అక్కడ అతని పేపర్ల సంఖ్య కనిపిస్తుంది, మీరు తెచ్చిన బొకేలు కనిపించవు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, అందుకే ఇది ఇన్నేళ్లుగా సాగుతోంది.

నేను కొత్తగా చేరిన ల్యాబ్‌లో ఒక సీనియర్ ఆవిడ గోడకు చార్టు తగిలించారు. ఆటోక్లేవ్ నడపడం, ద్రవ నత్రజని నింపించడం, మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు తీయడం, ఇండెంట్లు, మినిట్స్ ఇలా మొత్తం పదకొండు పనులు రాసి, ప్రతి నెలా ఒకటో తేదీన పేర్లు ఒక గడి కిందికి జరిపేవారు. మొదటి నెలలో ఇండెంట్లు ఒక అబ్బాయి వంతుకు వచ్చాయి. అతను గ్లవ్స్ పెట్టెలన్నీ తన చేతికి సరిపడే లార్జ్ సైజులోనే తెప్పించాడు. చిన్న చేతుల వాళ్లం వేళ్ల కొసల్లో గాలితో, పిపెట్ పట్టు జారిపోతుంటే ఆ నెలంతా చర్మాన్ని కాల్చే ఫినాల్‌తో పనిచేశాం. మరుసటి నెల ఇండెంట్ ఫారం పక్కన ఎవరెవరికి ఏ సైజు కావాలో చిన్న పట్టిక వెలిసింది. అంతకు ముందు సైజుల సంగతి ఆడవాళ్లు నోటితో అడిగి, గుర్తుపెట్టుకుని నడిపించేవారు. అది కూడా ఒక పనేనని ఆ నెలలోనే అందరికీ తెలిసింది.

మీ సర్‌తో మాట్లాడేటప్పుడు "అన్యాయం" అనే మాట వాడనవసరం లేదు. మీ నెల లెక్క చేత్తో పట్టుకుని, వారం మీటింగ్‌లో అందరి ముందూ, "సర్, వచ్చే నెల నుంచి ఈ పనులకు వంతుల పట్టిక వేసుకుందాం" అని చెప్పండి. మంచివారైతే వెంటనే ఒప్పుకుంటారు. ఇక కూతుళ్లలా చూసుకోవడం గురించి ఒక మాట. మన ఇళ్లలో కూతుళ్ల మీద ఏ పనులు పడతాయో మనకు తెలియనిది కాదు. ఆ ఆప్యాయత ల్యాబ్‌లోకి వచ్చేటప్పుడు ఆ పనుల్ని కూడా వెంట తెచ్చుకుంటుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ప్రొఫెసర్‌ని. ఇరవై ఏళ్లుగా స్కాలర్లను తీసుకుంటున్నాను. ఎవరి కులమేమిటో, ఆడవారో మగవారో ఎప్పుడూ చూడలేదు, ప్రతిభ ఒక్కటే చూశాను. ఇప్పుడు వైవిధ్యం పేరుతో కమిటీలూ, ఫారాలూ పెరిగిపోతున్నాయి. విజ్ఞాన శాస్త్రానికి ఇవి నిజంగా అవసరమా? నాణ్యత తగ్గదా?

జవాబు: ప్రతిభే చూడాలన్న మీ మాటతో నాకు పేచీ లేదు. దాన్ని కొలిచే కొలబద్ద మీదే నా ప్రశ్న. పాత సంగతి ఒకటి చెబుతాను. భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాలు, కెంపులు కాంతిని వెలువరించే తీరు మీద పనిచేసి, 1942 నుంచి 1945 లోపు అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించారు. థీసిస్ సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఇవ్వలేదు. పని ఉంది, పత్రాలు ఉన్నాయి, గైడ్ సాక్షాత్తూ నోబెల్ బహుమతి గ్రహీత. అయినా ఒక నిబంధన దగ్గర ఆగిపోయింది. ఆ తరవాత ఆమె వాతావరణ శాఖలో చేరి, దేశంలో వాతావరణ పరికరాల తయారీకి పునాది వేశారు. నిబంధన తప్పినందుకు ఆమెలోని ప్రతిభేమీ తగ్గలేదు, ఆమె పేరు ముందు రావలసిన డాక్టర్ అనే మాట మాత్రం రాలేదు.

అంతకు కొద్దిగా ముందు, 1933లో, బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రథమ స్థానంలో నిలిచిన కమలా సోహోనీ అదే బెంగళూరు సంస్థకు దరఖాస్తు చేస్తే, ఆడపిల్ల అన్న కారణంతో రామన్ గారే మొదట కాదన్నారు. ఆమె పట్టు విడవకపోవడంతో, ఏడాదిపాటు పని చూసి అప్పుడు నిర్ణయిస్తామనే షరతు మీద తీసుకున్నారు. ఆ ఏడాది గడిచాక ఆమెకు పూర్తి ప్రవేశం దొరికింది, సంస్థ తలుపులు మిగతా ఆడపిల్లలకూ తెరుచుకున్నాయి. 1939లో ఆమె కేంబ్రిడ్జ్ నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. రామన్ గారు ప్రతిభను గుర్తించలేని మనిషని ఎవరూ అనరు. అంతటి మనిషి చూపులోనూ ఒక మూల మసక ఉందంటే, మన చూపుల్లో లేదని ఎలా చెప్పగలం?

ఇక ఇప్పటి సంగతికి వద్దాం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) ఇంటర్వ్యూ బోర్డుల్లో నేను ఎన్నోసార్లు కూర్చున్నాను. అభ్యర్థి కుర్చీలో సర్దుకునే లోపే ఎవరో ఒకరు "ఏ ఊరు? నాన్నగారు ఏం చేస్తారు?" అని మాట కలుపుతారు. అడిగేవారి ఉద్దేశం పిల్లల బెరుకు పోగొట్టడమే. తండ్రి ప్రొఫెసరైన పిల్లవాడికి నిజంగానే బెరుకు పోతుంది, తండ్రి కూలీ అయిన పిల్లవాడు అక్కడే ముడుచుకుపోతాడు. అమ్మాయిలకైతే ఇంకొకటి ఎదురవుతుంది: "పెళ్లెప్పుడు? అత్తవారు పంపిస్తారా?" అబ్బాయిని ఆ మాట అడగగా నేను వినలేదు. ఆ తరవాత ఇంగ్లీషు ధారాళంగా వస్తే "షార్ప్‌గా ఉన్నాడు" అంటారు, తడబడితే "బేసిక్స్ వీక్" అంటారు. భాష గురించిన తీర్పు విషయం గురించిన తీర్పుగా ఎప్పుడు మారిపోయిందో బోర్డులో ఎవరికీ తెలియదు.

ఒక ఏడాది మేము పద్ధతి మార్చాం. అందరికీ మొదటి మూడు ప్రశ్నలు ఒకటే. ఇంటి సంగతులు అడగరాదు. బోర్డులో ప్రతి ఒక్కరూ చర్చకు ముందే విడిగా మార్కులు రాసి కవరులో పెట్టాలి. ఆ మూడింటిలో ఒక ప్రశ్న తప్పనిసరిగా నల్లబల్ల మీద గీసి చూపించేదై ఉండాలి. ఆ రోజు చాలాసేపు నోరు విప్పని ఒక కుర్రవాడిని స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే కొలత గీత) గీయమంటే, లేచి వెళ్లి గీత గీయడమే కాక, ప్రతి బిందువు మీదా ఎర్రర్ బార్ (కొలతలో తేడా ఎంతో చూపే గీత) పెట్టి, పై కొసన గీత ఎందుకు వంగుతుందో సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పాడు. పాత పద్ధతిలోనైతే అతను సుద్దముక్క పట్టుకునే దాకా రాకుండానే బయటికి వెళ్లిపోయేవాడు. ఎంపికైన వాళ్లలో ల్యాబ్ మెషీన్‌ను అందరికంటే జాగ్రత్తగా వాడిన పిల్లవాడు అతనే. మా పద్ధతి మారినందుకు పెరిగిన కాగితం పని బోర్డుకు అయిదు కవర్లు.

నాణ్యత తగ్గుతుందేమోనని భయపడే ముందు, ఇప్పుడున్న జల్లెడలో నుంచి ఏమేమి జారిపోతోందో చూడాలి. మన దేశంలో పరిశోధన, అభివృద్ధి రంగంలో పనిచేసేవారిలో స్త్రీలు అయిదో వంతు కూడా లేరు. ఎమ్మెస్సీ తరగతుల్లో మీరు పాఠం చెప్పేటప్పుడు మీ ఎదురుగా ఎంతమంది అమ్మాయిలు కూర్చుంటారో మీకే తెలుసు. మధ్యలో వాళ్లంతా ఎక్కడికి పోయారన్నది ప్రతిభకు సంబంధించిన ప్రశ్నే. కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపకుల పోస్టుల రిజర్వేషన్లకు 2019లో పార్లమెంటు చట్టం చేసింది. విభాగాన్ని కాక సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలని అందులో చెప్పింది, కొన్ని ప్రతిష్ఠాత్మక సంస్థలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు ఉన్నచోట ఎంపిక పూర్తిగా బోర్డు విచక్షణ మీదే నడుస్తుంది కాబట్టి, ఆ విచక్షణ ఎలా పనిచేస్తోందో చూసుకోవలసిన బాధ్యత అక్కడ ఇంకా ఎక్కువ.

మీరు కులం చూడనంటున్నారు, నమ్ముతాను. ఒక్క పని చేసి చూడండి. ఈ ఇరవై ఏళ్లలో మీరు తీసుకున్న స్కాలర్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎవరి సిఫారసుతో మీ దగ్గరికి వచ్చారో, ఏ కళాశాల నుంచి వచ్చారో ఎదురుగా రాయండి. ఆ కాగితం ఎవరికీ చూపించనక్కరలేదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేరిన మొదటి రోజునే సీనియర్లు నా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ర్యాంకు అడిగి, వెంటనే "ఏ కేటగిరీ?" అన్నారు. అప్పటి నుంచి నా ప్రయోగం ఏది విఫలమైనా ఒక చూపు, ఒక నవ్వు. ఖరీదైన మెషీన్ల మీద నాకు స్లాట్ దొరకదు, "ముందు చూసి నేర్చుకో" అంటారు. ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నాను. ల్యాబ్ మీటింగ్‌లో ఇంగ్లీషులో నోరు పెగలదు. నేనే ఇంకా కష్టపడాలేమో తెలియడం లేదు.

జవాబు: బాబూ, మీరు రెండు విషయాలు కలిపి రాశారు. వాటిని విడదీస్తేనే దారి దొరుకుతుంది. ఇంగ్లీషులో మాట్లాడటం అభ్యాసంతో వచ్చేది, దానికి మీరు కష్టపడవచ్చు. కేటగిరీ అడగడం, మెషీన్ ముట్టనివ్వకపోవడం మీ కష్టంతో పోయేవి కావు, వాటిని మార్చవలసింది సంస్థ.

ఉన్నత విద్యాసంస్థల్లో వివక్షను అరికట్టేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లో నిబంధనలు తెచ్చింది. వాటిలో ఏమేమి నిషేధించారో చదివితే, రాసినవారు ఎప్పుడో ఒకప్పుడు ప్రయోగశాలలో నిలబడి ఉంటారనిపిస్తుంది. తరగతిలో విద్యార్థుల కులాలు బయటపెట్టడం, రిజర్వేషన్ వాళ్లని ముద్ర వేయడం, వెనకబడటానికి సామాజిక నేపథ్యాన్ని కారణంగా చూపి చులకనగా మాట్లాడటం, అధ్యాపకులను కలవడానికి కొందరికి తక్కువ సమయం ఇవ్వడం, ప్రయోగశాలలోకి రానిచ్చినా పనిచేయనివ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం కూడా వివక్షేనని అందులో ఉంది. చివరిదాన్ని ఇంకోసారి చదవండి. ఎనిమిది నెలలుగా మీకు జరుగుతున్నది అదే. ఫిర్యాదు వినడానికి సంస్థలో వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి.

నిబంధనలు ఉన్నంత మాత్రాన అమలవుతాయని నేను అనను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరిలో, ముంబయిలో యువ వైద్యురాలు పాయల్ తడ్వి 2019లో మరణించిన తరవాత, ఆ ఇద్దరి తల్లులూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ 2012 నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయని చెప్పడానికే. అందుకని మీరు ఒంటరిగా మోయకండి. సంస్థలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది, విద్యార్థి సంఘం ఉంటుంది, మీ పీహెచ్‌డీ పురోగతిని చూసే సలహా కమిటీలో మీ గైడ్ కాని సభ్యులు ఉంటారు. మనసు మరీ కుంగిపోతున్నట్టుంటే ఇంట్లోవాళ్లకో, దగ్గరి స్నేహితుడికో ఈ రోజే చెప్పండి.

ముందు చేయవలసింది స్లాట్ల సంగతి. మెషీన్ బుకింగ్ నోటిమాట మీద నడిచినంత కాలం, అడగడానికి మొహమాటపడేవాడు చివరనే ఉంటాడు. స్లాట్ కావాలని గైడ్‌కు ఈమెయిల్ రాయండి. ఏ తేదీకి, ఏ నమూనాకు, ఎన్ని గంటలపాటు అన్నది వివరంగా ఉండాలి. దొరకకపోతే వచ్చే వారం మళ్లీ రాయండి. నాలుగు ఈమెయిళ్లయ్యాక సలహా కమిటీ సమావేశంలో మీ పురోగతి ఎందుకు ఆగిందని అడిగితే, మీ చేతిలో తేదీలుంటాయి. సంస్థవాళ్లు ఈ జవాబు చదువుతుంటే వాళ్లకొక మనవి: తలుపుకు ఒక రిజిస్టరు వేలాడదీయండి, లేదా అందరికీ కనిపించే ఆన్‌లైన్ క్యాలెండరు పెట్టండి, ఒక్కొక్కరికి వారానికి ఎన్ని గంటలన్నది దాని మీదే రాయండి.

ఇక ఇంగ్లీషు. మా ల్యాబ్‌లో తమిళులు, బెంగాలీలు, తెలుగువాళ్లం కలిసి పనిచేసేవాళ్లం. ఒక దశలో మీటింగ్‌లో మాట్లాడేది ఎప్పుడూ అదే నలుగురని గమనించి, మాట్లాడబోయేవారు ముందు రోజు సాయంత్రం ఒకే ఒక్క గ్రాఫ్‌ను అందరికీ పంపాలని నియమం పెట్టుకున్నాం. మాట తడబడినా బొమ్మ అందరి ముందూ ఉంటుంది, ప్రశ్నలు బొమ్మ మీద వస్తాయి. మీ సొంత తయారీకి, చెప్పవలసిన మొదటి నాలుగు వాక్యాలు పూర్తిగా రాసుకుని గదిలో గట్టిగా చదవండి. అయిదో వాక్యం దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. గర్భవతిని, ఇప్పుడు మూడో నెల. మా ల్యాబ్‌లో రేడియోధార్మిక ఫాస్ఫరస్ వాడతాం. చెబితే ప్రాజెక్టు నుంచి తప్పిస్తారేమోనని గైడ్‌కు ఇంకా చెప్పలేదు.

జవాబు: ఈ ఒక్క విషయంలో ఆలస్యం వద్దమ్మా, రేపే చెప్పండి. గర్భం సంగతి తెలియజేసిన దగ్గర నుంచి కడుపులోని బిడ్డకు అందే రేడియేషన్ మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నియమం. మీరు చెబితేనే సంస్థలోని రేడియేషన్ భద్రతాధికారి మీ పనిని దానికి తగ్గట్టు మార్చగలరు. మీరు అడగవలసింది, "రేడియోధార్మిక పదార్థం వాడే ఆ ఒక్క మెట్టు వేరొకరు చేస్తారు, మిగతా ప్రయోగమూ, విశ్లేషణా నావే, పేపర్‌లో నా స్థానం మారదు" అన్నది. గైడ్ సరేనన్నాక అదే మాటను ఈమెయిల్‌లో రాసి పంపండి.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు కోర్సు మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఉంది. సాధారణ గడువు ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది, మొత్తం పదేళ్లు దాటకూడదు. సెలవు అనేది గైడ్ దయతలచి ఇచ్చేది కాదు కాబట్టి, దరఖాస్తు నేరుగా నిబంధన పేరు రాసి పెట్టండి.

ప్రశ్న: నాకు వినికిడి లోపం ఉంది, రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుంటాను. కల్చర్ గదిలో (కణాలు పెంచే గది) హుడ్ (గాలిని వడగట్టే పనిపెట్టె) మోతలో ఎవరేమన్నారో వినపడదు. మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారు. నేను ఈ రంగానికి పనికిరానేమో?

జవాబు: మీ చెవికి వినపడనిది హుడ్ మోతలో చాలామందికి సరిగా వినపడదు, వాళ్లు ఊహించుకుని తలూపుతారు, అంతే తేడా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు వైకల్యం ఉన్న ఉద్యోగులకు తగిన సదుపాయం కల్పించాలి, సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో వినికిడి లోపం ఒకటి. మీరు అడగదగినవి ఖరీదైనవేమీ కావు. కల్చర్ గదిలో చిన్న వైట్‌బోర్డు, టైమర్‌కూ సెంట్రిఫ్యూజ్‌కూ శబ్దంతో పాటు వెలిగే దీపం, మీటింగ్ స్లైడ్లు ముందు రోజే, మాట్లాడేవారు తెరవైపు కాక మనుషులవైపు తిరిగి మాట్లాడటం. వీటికంటే ముఖ్యమైనది ఒకటుంది. అగ్నిప్రమాద హెచ్చరికకు మీ ఫ్లోర్‌లో సైరన్ మాత్రమే ఉందా, మెరిసే దీపం కూడా ఉందా? రాత్రివేళ ఒంటరిగా పనిచేసేటప్పుడు యంత్రాలు తీసి పక్కన పెడితే మీకు తెలిసేదెలా? ఈ ప్రశ్నను భద్రతా కమిటీకి రాతపూర్వకంగా పంపండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక స్నేహితురాలిని గైడే వేధిస్తున్నాడు. ఫిర్యాదు చేస్తే ఫెలోషిప్ కాగితాల మీద, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) మీద సంతకం పెట్టేది ఆయనే కదా అని భయపడుతోంది. మూడు నెలల గడువు ఉంటుందని విన్నాం, నిజమేనా?

జవాబు: గడువు సంగతి నిజమే. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఘటన జరిగిన, లేదా వరుస ఘటనల్లో చివరిది జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యానికి కారణం సహేతుకమైతే కమిటీ దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీకి అధ్యక్షత వహించేది సీనియర్ మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, బయటి నుంచి ఒకరు ఉండాలి. పరిశోధక విద్యార్థిని ఉద్యోగి కాదు కదా అనే వాదన చెల్లదు, చట్టం ఏ వయసు స్త్రీనైనా, ఉద్యోగంలో ఉన్నా లేకున్నా రక్షిస్తుంది.

సంతకం గురించిన భయానికి జవాబు యూజీసీ 2015 నిబంధనల్లో ఉంది. విచారణ సాగుతున్నంత కాలం, బాధితురాలు కోరితే, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనిని మూల్యాంకనం చేయకుండా, నివేదికలు ఇవ్వకుండా ఆపవచ్చు. ఇద్దరిలో ఒకరిని వేరే విభాగానికి మార్చవచ్చు. ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఫిర్యాదుతో పాటే "ఈ మధ్యంతర చర్యలు కావాలి" అని అదే కాగితంలో రాయండి, విడిగా తరవాత అడిగితే ఆలస్యమవుతుంది. కమిటీలో ఉన్నప్పుడు నేను చూసినంతలో, సంస్థలు తొందరపడేది రాజీ వైపు. రాజీ అనేది బాధితురాలు తానుగా కోరితేనే, అది కూడా డబ్బు ప్రసక్తి లేకుండానే జరగాలి. ఎవరైనా ఇంటికి వచ్చి "పాపం, ఆయనకు పిల్లలున్నారు" అని నచ్చజెబితే, వాళ్లు వచ్చిన తేదీ కూడా రాసిపెట్టుకోండి.

ప్రశ్న: అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. ఇక్కడి తెలుగు స్కాలర్ల విందుల్లో కూడా ఇంటిపేర్లు ఆరా తీస్తారు. ఇక్కడి విశ్వవిద్యాలయానికి ఇదంతా అర్థమవుతుందా?

జవాబు: కొన్నింటికి అర్థమవుతోంది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నరు వెనక్కి పంపారు. మీ విశ్వవిద్యాలయ విధానంలో కులం అనే మాట ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే వంశం, జాతీయ మూలం కింద ఫిర్యాదు తీసుకుంటారా అని సమాన అవకాశాల కార్యాలయాన్ని అడగండి. విందు సంగతికొస్తే, ఇంటిపేరు అడిగినవారిని "ఎందుకండీ?" అని నవ్వుతూ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. రాదు.

ప్రశ్న: మా సంస్థలో కొత్తగా సమానత్వ కమిటీ వేసి నన్ను సభ్యురాలిని చేశారు. మొదటి సమావేశంలో మార్చి 8 కార్యక్రమానికి బ్యానరు, ముఖ్య అతిథి గురించే గంటసేపు మాట్లాడారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బ్యానరు వాళ్లను చూసుకోనివ్వండి. బ్రిటన్‌లో 2005లో విద్యా, పరిశోధన సంస్థల్లో స్త్రీ, పురుష సమానత్వం కోసం అథీనా స్వాన్ అనే పథకం మొదలైంది. అక్కడ ఒక విభాగానికి కంచు, వెండి, బంగారు గుర్తింపు కావాలంటే ముందు తన అంకెలు తానే బయటపెట్టుకోవాలి. మన శాస్త్ర, సాంకేతిక శాఖ 2020లో మొదలుపెట్టిన గతి పథకానికి నమూనా అదే. మీరు కూడా అంకెలతో మొదలుపెట్టండి. గత అయిదేళ్లలో ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరిని పిలిచారు, ఎవరు చేరారు, ఎవరు మధ్యలో మానేశారు అన్న నాలుగు వరుసలను స్త్రీ, పురుషులుగా, కేటగిరీలుగా, వైకల్యం వారీగా అకడమిక్ సెక్షన్ నుంచి రాతపూర్వకంగా అడగండి. మానేసిన వాళ్ల వరుస దగ్గర ఎక్కువసేపు ఆగండి.

రెండో సమావేశానికి ముందు ఒక రాత్రి ఎనిమిది గంటలకు మీ భవనమంతా ఒకసారి తిరగండి. ఏ అంతస్తులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉందో, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, లిఫ్ట్ ఏ అంతస్తు దాకా వెళ్తుందో, బస్టాపు దాకా దీపాలు వెలుగుతున్నాయో లేదో కాగితం మీద రాసుకుని, మినిట్స్‌లో మొదటి అంశంగా చేర్పించండి. ఆ మినిట్స్ ఈసారి మీరు రాయకండి, ముఖ్య అతిథి గురించి ఎక్కువసేపు మాట్లాడిన వారిని రాయమనండి.